మామగారి పళ్లెం

“నోరు తెరువమ్మాయీ.”

ఉల్జాన్ నోరు తెరిచింది. మామగారు ఒరాజ్‌బాయ్ తన పళ్లెంలోంచి పిండిరేకులూ మాంసమూ కలిపి పిడికెడు తీసి ఆమె నోట్లో పెట్టాడు. ఆ తర్వాత ఏకంగా పళ్లెమే ఆమె ముందుకు జరిపాడు. సగానికి పైగా అలాగే ఉంది.

“ఇది నీ సర్కిత్. వదలకూడదు.”

సర్కిత్ అంటే పెద్దవాళ్లు తిని మిగిల్చిన దీవెన. కాదంటే ఆ దీవెనని కాలదన్నుకున్నట్టే. అరాల్స్క్ ఊళ్లో ఏ కోడలూ కాదనదు. ఉల్జాన్ కూడా అనలేదు. తన వాటా చిన్న గిన్నెడు తినేసి చెయ్యి కడుక్కుందామనుకుంటున్నదల్లా మళ్లీ కూర్చుని, నిట్టూర్చి, నమిలింది.

ఆ చిన్న గిన్నె డాక్టరమ్మ పెట్టిన నియమం. చలికాలంలోగా బరువు తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందేనంది. ఉల్జాన్ తల్లికీ ఇదే చక్కెర జబ్బు. మొదట వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. ఆ మంచం పక్కన కూర్చున్న మనిషిని మళ్లీ ఎవరూ భయపెట్టక్కర్లేదు. పళ్లెం మానేసి గిన్నె పెట్టుకుంది. మారు వడ్డించుకోవడం లేదు. పాల టీలో చక్కెర లేదు. రోజంతా రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చుని, పక్కావిడ నూనెలో వేయించిన బవర్సాక్ పిండి ఉండలు నములుతుంటే ఆ చప్పుడు వింటూ కూడా నోరు కట్టుకుంది. తీరా ఇంటికొస్తే ఇదీ వరస!

ఇదివరకు మామగారు పండగలకే ఇలా ముద్ద పెట్టేవాడు. ఈమధ్య పూటపూటా పెడుతున్నాడు. అత్తగారు పోయాక ముసలాయనకి తన మీద ప్రేమ ఎక్కువైందనుకుంది ఉల్జాన్. ఒకరోజు తెలివిగా ఆయనకి తక్కువ వడ్డించి చూసింది. ఆ తక్కువలోనూ సగం ఇటే వచ్చింది. ఆయన మాత్రం మాంసం ఉడికించిన చారు గిన్నెలో పోయించుకుని, “ముసలాడికి చారు చాలు. నమిలే వయసు మీది,” అన్నాడు.

“మీ నాన్నకి కాస్త చెప్పవయ్యా,” అంది గిన్నెలు తోముతూ మొగుడితో.

“ఏమని చెప్పను? నా పెళ్లానికి దీవెనలు ఎక్కువైపోయాయి, ఆపమననా?” అన్నాడు దౌలెత్.

“నీకు నవ్వులాటగా ఉంది.”

“అది కాదే. మొన్న మా వదిన వచ్చి నాలుగు రోజులుంది. ఒక్క ముద్ద పెట్టాడా? నువ్వంటే ప్రాణం ఆయనకి.”

“ఆ ప్రాణమే నా ప్రాణం తీస్తోంది.”

దౌలెత్ పకపకా నవ్వాడు. ఉల్జాన్‌కి నవ్వే ఓపిక కూడా లేదు. పక్కింటి ముసలమ్మ అయితే అటకాయించి మరీ, “మామ చేతి ముద్ద రోజూ తింటున్నావట, అదృష్టవంతురాలివే!” అంది. అదృష్టం నడుము చుట్టూ పేరుకుంటోందని ఆవిడతో ఏం చెబుతుంది?

నెలాఖరుకి ఆస్పత్రికి వెళ్లి తూకం ఎక్కితే బరువు తగ్గకపోగా రెండు కిలోలు పెరిగింది.

“మధ్యమధ్యలో ఏమైనా తింటున్నారా?” అంది డాక్టరమ్మ.

“లేదండీ.”

“అందరూ ఇదే మాట. మరి గాలి తిని పెరిగారా?”

ఉల్జాన్ తల దించుకుంది. మా మామగారు దీవిస్తున్నారండీ అని చెబితే నవ్వి పంపేస్తుంది. ఇంకొక్క నెల చూస్తాను, ఆ తర్వాత సూదే, అని చెప్పేసి డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచింది.

ఇంటికొచ్చేసరికి ముసలాయన గుమ్మంలో ఎండకి కూర్చున్నాడు.

“ఏమంటుంది ఆ డాక్టరు?”

“లావయ్యానంటోంది మామయ్యా.”

“వాళ్ల మాటలు చెవిన పెట్టకు. మీ అత్త చెవిన పెట్టింది. తన కాళ్ల మీద తను నడిచి వెళ్లింది ఆస్పత్రికి. దుప్పట్లో చుట్టి తెచ్చుకున్నాం.”

ఉల్జాన్‌కి ఏడుపొచ్చింది. తల్లి కాలు కళ్ల ముందు ఆడింది. ఇంక లాభం లేదు, ఎవరేమనుకున్నా సరే, ఇవాళ చెప్పెయ్యాలనుకుంది.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఉల్జాన్ గిన్నె ఖాళీ అయిందో లేదో ముసలాయన పిడికెడు తీశాడు.

“నోరు తెరువమ్మాయీ.”

“వద్దు మామయ్యా.”

ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఉల్జాన్!” అన్నాడు దౌలెత్.

“మా అమ్మ కాలు మీరూ చూశారు కదా మామయ్యా.” ఉల్జాన్ తన గిన్నె పక్కకి జరిపింది. “మీ దీవెన నాకు కావాలి. ఈ ముద్ద మాత్రం వద్దు. మీకు దండం పెడతాను, మీ పళ్లెం మీరే తినండి.”

“నాన్న చెయ్యి వెనక్కి తోస్తావా? ఊళ్లో ఎవరైనా చేసిన పనేనా ఇది?” దౌలెత్ మొహం ఎర్రబడింది.

“నువ్వుండరా,” అన్నాడు ముసలాయన. “అమ్మాయి తప్పేం లేదు.”

చేతిలోని ముద్ద వైపు కాసేపు చూసి, దాన్ని తన నోట్లోనే పెట్టుకున్నాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెద్దాయన్ని ఏడిపించానే, పాపిష్టిదాన్ని, అనుకుంది ఉల్జాన్. గబుక్కున దగ్గరికి జరిగి, “తప్పయిపోయింది మామయ్యా. ఇటివ్వండి, తింటాను. మొత్తం తింటాను,” అంటూ పళ్లెం అందుకుంది.

ఆయన వద్దన్నట్టు తల ఊపి, జేబురుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొడుకు మొహం చూడకుండా, నెమ్మదిగా నోరు విప్పాడు.

“ముద్ద మింగలేకపోతున్నానమ్మా, ఎండాకాలం నుంచీ.”