పులస వాసన

కలకత్తాలో మూడో బాంబు పేలాక, ఇన్‌స్పెక్టర్ నిబారణ్ తెల్లదొరను వెంటబెట్టుకుని విధవరాలైన సొంత అక్క హేమాంగిని ఇంటికే సోదాకు వచ్చాడు. బాంబులు చుడుతున్న మేనల్లుడు ఎక్కడా కనబడలేదు.

వట్టి చేతులతో వెనుదిరుగుతుంటే వంటింట్లోంచి పులస వేగుతున్న వాసన వచ్చింది.

“నీసు ముట్టనిదానివి, ఎవరికోసమక్కా ఈ వేపుడు?”

హేమాంగిని తెల్లబోయి చూసింది. నిబారణ్‌కు ఆ చూపే చాలింది. అటక పగలగొట్టించాడు. మేనల్లుడు దొరికాడు.

“మా తెల్లవాళ్లకు ఈ ముక్కు లేదయ్యా” అని మెచ్చుకున్నాడు దొర.

కొడుకును బేడీలతో దించుతుంటే, ఆమె కంచం తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

“దేశం మనదయ్యేదాకా చేప తిననని వాడు ఒట్టు పెట్టుకున్నాడురా. ఇవాళ భగినీహస్త భోజనం. ఏటా వస్తావుగా, నీకోసమే వండాను. కూర్చో, ముళ్లు తీసిపెడతాను.”