రాజుగారి ముక్కు జారిన రోజు

“ఊపిరి కూడా మెల్లగా తీసుకో,” అన్నాడు మేనేజరు, బొంగరం చెంపలకు జిగురు రాసి తెల్లగడ్డం అంటిస్తూ.

బొంగరం ఆ మైనపు బొమ్మల మ్యూజియంలో అటెండరు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. కాలు ఒకచోట నిలవదు, చెయ్యి ఊరుకోదు. నడుస్తూ తింటాడు, నడుస్తూ మాట్లాడతాడు. గోడ మీద స్విచ్చు కనిపిస్తే నొక్కి చూస్తాడు.

నిన్న సాయంత్రం తాళాలు వేసేటప్పుడు అలాగే నొక్కాడు. దర్బారు హాల్లో సింహాసనాల మీది దీపాలు ఆరలేదు. ఏసీ ఆగింది. పొద్దున తలుపు తీసేసరికి రాజుగారి ముక్కు గడ్డంలోకి జారి ఉంది. బొంగరం ఇంకేమీ చూడలేదు. మేనేజరు గదికి పరుగెత్తాడు.

“రాత్రి కరెంటు పోయింది సార్!”

ఇంటికి ఫోన్ చేసి భార్యకూ అదే చెప్పాడు. ఆవిడా అక్కడే పనిచేస్తుంది. బొమ్మలకు బట్టలు కుడుతుంది. మిషను ముందు కూర్చుందంటే సాయంత్రం దాకా కదలదు. వీళ్ళిద్దరికీ ఎవరు ముడిపెట్టారా అని మ్యూజియంలో అందరూ నవ్వుకుంటారు.

మరో రోజైతే హాలుకు తాళం పెట్టేసేవాళ్ళు. కానీ పెద్దాఫీసు నుంచి ముగ్గురు తనిఖీకి వచ్చేది ఇవాళే. మ్యూజియం ఉంచాలా, మూసెయ్యాలా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. దర్బారు హాలు తప్పకుండా చూడాలని ముందే చెప్పి పెట్టారు.

మేనేజరు వెళ్ళి హాలంతా చూసొచ్చాడు. కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత బొంగరాన్ని కిందికీ పైకీ చూశాడు.

“రాజుగారి అంగీ నీకు సరిపోతుంది.”

“నేనా? నేను కుదురుగా కూర్చోవడమా సార్?”

“నువ్వు అక్కడ కూర్చోకపోతే రేపట్నుంచి అందరం ఇళ్ళలో కూర్చుంటాం.”

“మరి మిగతా బొమ్మలు?”

“వాటి సంగతి నేను చూసుకుంటాలే. ఆ కళ్ళద్దాలు ఇటివ్వు. ఏ రాజు పెట్టుకున్నాడు కళ్ళద్దాలు?”

కళ్ళద్దాలు లేకపోతే బొంగరానికి మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు.

“మా ఆవిడ వచ్చిందా సార్? ఈ అంగీ భుజాల దగ్గర పట్టేస్తోంది.”

“ఎప్పుడో వచ్చింది. రాణిగారి పని మీద ఉంది. నువ్వు నడు.”

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. పక్కన ఎర్రగా ఏదో మసక. రాణిగారన్నమాట.

“తల తిప్పావో, చంపేస్తా,” అని మేనేజరు తలుపు దగ్గరికి వెళ్ళాడు.

ముందు ముక్కు దురద పెట్టింది. తర్వాత మోకాలు. తర్వాత వీపులో చెయ్యి అందని చోటు. ఒక ఈగ వచ్చి చెవి చుట్టూ తిరిగి నుదుటి మీద వాలింది. నుదుటి మీంచి కనుబొమ మీదికి నడిచింది. బొంగరం బూటులో బొటనవేలు ఆడించాడు. ఈగ లేచి పక్కకు పోయింది. చప్పుడు ఆగింది. రాణిగారి మీద వాలినట్టుంది.

ఆవిడకేం, ఎంత సేపైనా కూర్చుంటుంది అనుకున్నాడు.

తనిఖీవాళ్ళు వచ్చారు. ముగ్గురిలో పెద్దావిడ సింహాసనాల దాకా వచ్చి వంగి చూసింది.

“రాజుగారు ఎంత సహజంగా ఉన్నారో! ఏ క్షణంలోనైనా లేచి నడిచేట్టున్నారు.”

“మంచి పనివాడు చేశాడు మేడం,” అన్నాడు మేనేజరు.

“రాణిగారే కాస్త బొమ్మలా ఉన్నారు.”

“అది… పాత పనితనం మేడం.”

వాళ్ళు పక్క హాలుకు వెళ్ళారు. “మళ్ళీ ఇటే రావాలి మేడం, వేరే దారి లేదు,” అని మేనేజరు అవసరం లేనంత గట్టిగా చెప్పాడు.

బొంగరం కాళ్ళూ చేతులూ ఆపగలిగాడు. నోరు మాత్రం ఆగలేదు. పెదవులు కదపకుండా గొణిగాడు.

“ఏమీ అనుకోకండి రాణిగారూ. మీ ఆయన కరిగిపోయాడు. ఈ పూటకు నాతో సర్దుకోండి. మా ఆవిడ ఇన్నేళ్ళుగా సర్దుకుంటోంది. కాలుగాలిన పిల్లి అంటుంది నన్ను. ఇవాళ నన్ను చూసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేది.”

అడ్డు తగిలేవాళ్ళు లేకపోతే బొంగరం మాట ఓ పట్టాన తెగదు.

“ఒక్కటి మాత్రం మీ కడుపులో పెట్టుకోండి. కరెంటూ పోలేదు, గిరెంటూ పోలేదు. ఆ స్విచ్చు నొక్కింది నేనే. మేనేజరుకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. మా ఆవిడకు తెలిస్తే…”

అడుగుల చప్పుడు. నోరు మూశాడు.

పెద్దావిడ మళ్ళీ బొంగరం ముందే ఆగింది. సరిగ్గా అప్పుడే గడ్డం వెంట్రుక ఒకటి ముక్కులో దూరింది. తుమ్ము గొంతు దాకా వచ్చింది. బొంగరం పళ్ళు బిగించాడు. కళ్ళు నీళ్ళతో నిండాయి. ఉద్యోగం ముక్కు చివర వేలాడుతోంది.

“చూశారా? కళ్ళలో తడి కూడా పెట్టారు!” అంది పెద్దావిడ పక్కవాళ్ళతో. “ఇలాంటి చోటును మూసేస్తే జనం మనల్ని తిడతారు. పదండి, ఉంచమని రాసేద్దాం.”

తలుపు మూసుకుంది. బయట కారు కదిలిన చప్పుడు దూరమైంది.

బొంగరం తుమ్మాడు. గడ్డం ఊడి ఒళ్ళో పడింది. లేచి కాళ్ళు విదిలించి, సింహాసనం చుట్టూ ఒక చుట్టు తిరిగి, వీపును స్తంభానికేసి రుద్దుకున్నాడు.

పక్క సింహాసనంలో రాణిగారు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకుని, “ముందు ఇంటికి పదండి, కరెంటు ఎలా పోయిందో మళ్ళీ మొదట్నుంచీ చెబుదురుగాని,” అంది.