పౌర్ణమి లోపు

"బెర్తో మావయ్యా, మీరు బయటే ఉండండి. ఇవాళ ఇది మా ఇంటి విషయం."

ఒరియెట్టా వైన్ గది తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది. ఒక కాలు గడప లోపలా, ఒకటి బయటా పెట్టుకుని బెర్తో అలాగే ఆగిపోయాడు. లోపల పీపా పక్కన కూర్చున్న ఆమె తండ్రి అర్తెమియో వైపు బిత్తరచూపు చూశాడు.

"వాడొస్తే నీకేమొచ్చిందే?" అన్నాడు అర్తెమియో.

"ఏమొచ్చిందో నాకు తెలుసులే." బెర్తో ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.

తెల్లారితే పౌర్ణమి. ఈస్టర్ ముందు, చంద్రుడు పెరిగే రోజుల్లోనే వైన్ సీసాల్లోకి ఎక్కాలి. సీసాలో మళ్ళీ పులిసి, అడుగున మడ్డి దిగి, మూత తీయగానే బుసబుస పొంగాలి. ఇటలీలోని ఈ వల్దొబ్బియాదెనె కొండల్లో ఇప్పుడందరూ పెద్ద ఉక్కు తొట్టెల్లో పొంగించి అమ్ముకుంటున్నారు. అర్తెమియో మాత్రం తాతల పద్ధతి వదల్లేదు. తొందరపడి తీపి ఎక్కువున్న వైన్ ఎక్కిస్తే సీసాలు టపాకాయల్లా పేలతాయి. ఏడాది కష్టం నేలపాలవుతుంది. ఎక్కించాలో వద్దో చెప్పాల్సింది ఆయన నాలుకే.

ఆ నాలుకకి ఈ మధ్య బెర్తో తోడయ్యాడు. అక్కడే వచ్చింది తంటా.

బెర్తో పక్క కొండవాడు, నాన్న చిన్ననాటి నేస్తం. ఇదివరకు ద్రాక్ష కోతలప్పుడు కనిపించేవాడు, తాగేవాడు, పోయేవాడు. చలికాలం మొదట్లో నాన్న జ్వరంతో మంచం పట్టి లేచినప్పటినుంచీ నీడలా వెంటే ఉన్నాడు. తొట్టి తెరిస్తే చాలు, ప్రత్యక్షం! ముందు ఆయన తాగాలి. పెదాలు చప్పరించి, చెవి గోక్కోవాలి. అప్పుడుగానీ నాన్న నోరు విప్పడు. ఒకప్పుడు తన వైన్‌కి వంక పెట్టాడని చర్చి ఫాదర్‌నే గెంటేసిన మనిషి! ఇప్పుడు పరాయివాడు చెవి గోక్కునేదాకా ఆగుతున్నాడేం?

పోయిన ఆదివారం కిటికీ అవతలినుంచి ఒరియెట్టా తన చెవులతో తనే విన్నది.

"అమ్మాయికి తెలిస్తే వైన్ గది తాళాలు లాక్కుంటుందిరా," అంటున్నాడు నాన్న.

"నేనుండగా నీకేం భయంరా? ఎవరికీ తెలీకుండా కానిచ్చేద్దాం," అన్నాడు బెర్తో.

ఏమిటి కానిచ్చేది? కొండ నెత్తిమీది తమ ద్రాక్షతోట ముక్క బెర్తో పొలాన్ని ఆనుకునే ఉంది. నిలబడటమే కష్టమైన ఏటవాలు. యంత్రం ఎక్కదు, ప్రతి గుత్తీ చేత్తో కోసి మోసుకు దిగాల్సిందే. అమ్మ పోయాక పదేళ్ళుగా దాన్ని మోస్తున్నది తను. ఆ బెర్తో మాయ మాటలకి పడి నాన్న దాన్ని రాసిచ్చేస్తే తన గతేం కాను?

అనుమానంతో మనసు చెడి మొన్న పొయ్యి మీది పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, అడుగంటించింది. ఇల్లంతా మాడు వాసన. బెర్తో ఒక ముద్ద తిని పళ్ళెం పక్కకి నెట్టేశాడు. నాన్న మాత్రం ఊడ్చుకు తిని, "అమృతంలా ఉందే తల్లీ!" అన్నాడు. తప్పు చేసినవాడే ఇంత కాకా పడతాడు. ఆ మాటతో ఆమె అనుమానం గట్టిపడింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా," అంది తలుపుకి వీపు ఆనించి. "ఆ తోట ముక్క ఆయనకి రాసిస్తున్నావా?"

"నీకేమన్నా పిచ్చా? ఎవరు చెప్పారే?"

"మరి ఆయన లేకపోతే నీకు నోరు పెగలదేం? ఎందుకు ఆయనకంత జడుస్తావ్?"

"వాడికి నేను జడవడమేమిటే!"

"అయితే ఒక్కడివే రుచి చూడు. చూసి చెప్పు. తేలిపోతుంది."

అర్తెమియో లేవబోయాడు. "రేపు చూద్దాంలే. ఇవాళ నాకు ఒంట్లో..."

"రేపటితో పౌర్ణమి దాటిపోతుంది!"

పీపా మీద రెండు తెల్ల కూజాలున్నాయి. ఒకదాంట్లో ఆమె పొద్దున తొట్టిలోంచి పట్టిన, నీళ్ళంత తేటగా ఉన్న వైన్, రెండోదాంట్లో గిన్నెలు కడగడానికి నీళ్ళు. ఒరియెట్టా తండ్రి ముఖం మీంచి చూపు తిప్పకుండానే కూజా అందుకుని రెండు పింగాణీ గిన్నెల్లోకి వంచింది. ఒకటి ఆయనకి తోసి, ఒకటి తన దగ్గర పెట్టుకుంది.

ఆయన మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. గిన్నె ఎత్తాడు. వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి ఆయన ముఖంలో పాత దర్జా వచ్చేసింది.

"పచ్చి ఆపిల్ వాసన," అన్నాడు. "తీపి ఎంత ఉండాలో అంతే ఉంది. సీసాలో అదీ పోతుంది. చివర్న బాదంపప్పు చేదు, తెలుస్తోందా? మా నాన్న చేసిన వైనే ఇది. రేపు పొద్దున్నే ఎక్కించెయ్!"

ఒరియెట్టాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరి అండా లేకుండా ఇంత ధీమాగా చెప్పే మనిషి ఇంకొకడి చేతిలో కీలుబొమ్మా! ఛీ, కన్నతండ్రిని ఎంత అనుమానించింది!

"నన్ను క్షమించు నాన్నా," అంటూ గడియ తీసింది.

బెర్తో లోపలికి దూసుకొచ్చాడు. ముఖాన రక్తం లేదు. "ఏం చెప్పావురా? ఏం చెప్పావు?"

"బ్రహ్మాండంగా ఉందని చెప్పాను," అన్నాడు అర్తెమియో నవ్వుతూ.

ఒరియెట్టా కూడా నవ్వి, తన గిన్నె ఎత్తి గుటకేసింది.

గిన్నెలో ఉన్నది మంచినీళ్ళు.