ఎదురు తాడు

“నీ బదులు ఇంకో మనిషిని తెచ్చిపెట్టు, పాస్‌పోర్టు ఇస్తా. లేదంటే ఖలాస్,” అంది పనివాళ్లు ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలు, ఫోన్లోంచి తలెత్తకుండానే.

గంగాదేవి టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. కువైట్‌లో, రుమైథియాలోని ఈ ఇంట్లో పనికి కుదిరాక రెండేసార్లు ఊరెళ్లింది. రెండుసార్లూ ఎవరో ఒకరు పోతేనే. ఈసారి ఎవరూ పోలేదు, అదే వచ్చిన చిక్కు. బళ్లో కోలాటం ఆడాలి, సెలవివ్వండంటే ఏ యజమానురాలు ఇస్తుంది?

మధ్యాహ్నం మేడమీద బట్టలారేస్తూ కూతురు మునిలక్ష్మికి వీడియో కాల్ చేసింది.

“ఏమనింది మా?”

“బదులు మనిషి కావాలంట. నేనేడ తెచ్చేది పాపా? ఇంకో ఇంట్లో పన్జేసే చిన్నక్కను అడిగితే వాళ్ల మామా ఇడ్సదంట.”

దసరా సెలవుల్లో ఊరి హైస్కూల్లో పాత విద్యార్థులంతా కలుస్తున్నారు. ఆడవాళ్లది జడకోలాటం. పైనుంచి వేలాడే తాళ్లను తలా ఒకటి పట్టుకుని, ఎదురెదురు జోడీలుగా తిరుగుతూ ఆడితే అవన్నీ జడలా అల్లుకుంటాయి. వెనక్కి ఆడితే విడిపోతాయి. ఒక్కరు తగ్గినా అంతా చిక్కుముడే. చదువుకునే రోజుల్లో ఆ బళ్లో గంగాదేవిని మించిన ఆటగత్తె లేదు. తర్వాత అక్కడే చదివిన మునిలక్ష్మికి ఒకటే కోరిక: అమ్మ ఎదురు తాడు తను పట్టుకోవాలి. రెండో తరగతి పిల్లను వదిలేసి విమానమెక్కిన తల్లి, ఈ ఒక్కటీ తీర్చలేకపోతే ఇంకెందుకు బతికినట్టు?

“ఏజెంటు అసిఫ్ నంబరియ్యి మా. మన పక్క ఎవురన్నా ఒప్పుకుంటారేమో చూస్తా.”

“ఇస్తా గానీ, ఎవుర్నీ బలవంతం చేయొద్దు. ఈ బతుకు పగోళ్లకు గూడా వద్దు.”

రోజులు గడిచాయి. అసిఫ్ నుంచి కబురు లేదు. గంగాదేవి మళ్లీ అడిగింది. “మనిషేది?” అంది మామా. చిన్నక్క ఫోన్లో నవ్వింది. “ఈ వయసులో నీకు ఆటలు గావాల్నా? నడుం పట్టుకుంటాది సూడు!” గంగాదేవికి నవ్వు రాలేదు. నీళ్ల ట్యాంకు చాటుకెళ్లి ఏడ్చింది.

కూతురు మాత్రం రోజూ ఫోన్ చేసేది. తాళ్లకు ఏ రంగులు, ఏ పాటతో మొదలు, ఎవరికెవరు జోడీ, అన్నీ తల్లినే అడిగేది.

“నువ్వూ ఒకసారి ఆడి సూపించు పాపా.”

“నాకొచ్చులే. నువ్వాడు మా, చూస్తా. నువ్వాడేది నేనెప్పుడూ చూళ్లేదు గదా.”

తడి దుప్పట్ల మధ్య, బట్టల తాడు కొస చేత్తో పట్టుకుని గంగాదేవి ఆడింది. మునిలక్ష్మి రెప్ప వేయకుండా చూసింది. తర్వాత ఎప్పుడూ అడగనివన్నీ అడిగింది. మీ మామాకు టీలో చక్కెరెంత? ఆ ఇంటి పెద్దాయనకు మందులెవరిస్తారు? కేకలేస్తే నువ్వేం చేస్తావు? యాడ పండుకుంటావు?

“ఇయ్యన్నీ నీకేంటికే?”

“నువ్వెట్ల బతికినావో తెల్సుకోవద్దా?”

ఇన్నేళ్లకు బిడ్డ తన బతుకు గురించి అడిగింది. గంగాదేవి కడుపు నిండిపోయింది. అడిగినవే కాదు, అడగనివీ చెప్పింది.

చివరికి అసిఫ్ ఫోన్ చేశాడు. “మనిషి దొరికింది. వీసా కూడా అయిపోయింది. యల్లా, సామాను సర్దుకో!”

“ఎవురు నాయనా?”

“మీ పక్క పిల్లే. కొత్త. నువ్వు తిరిగొచ్చినా ఇక్కడే ఉంటాది, రెండేళ్ల ఇఖామా, ఇక్కడుండే పర్మిట్టు.”

ఆనందంగా ఉండాల్సింది పోయి గంగాదేవికి గుండె బరువెక్కింది. తన ఆట కోసం ఇంకొకతె ఇక్కడ ఇరుక్కుంటోంది. “పాపం, ఏ తల్లి కన్న బిడ్డో,” అనుకుంది.

మామా మాట తప్పలేదు. పాస్‌పోర్టు బల్లమీద పడేసింది. “ఆమె రేపొస్తుంది. పనంతా చూపించి, ఎల్లుండి నువ్వెళ్లు.”

ఒకే రంగు చీరలు రెండు పెట్టెలో పెట్టి, వస్తున్నానని చెబుదామని కూతురికి ఫోన్ చేసింది. స్విచాఫ్. కోలాటం నేర్చుకుంటోందేమో అనుకుంది. మర్నాడూ స్విచాఫే.

తన గదిలో సగం ఖాళీ చేసి ఉతికిన దుప్పటి పరిచింది. వచ్చే పిల్ల ఏడుస్తుందని తెలుసు. తనూ మొదటి రోజు అన్నం ముట్టలేదు. అందుకే ఇంటి రుచిగా పప్పు, చింతపండు చారు చేసింది. రెండేళ్లు ఎలా గడపాలో, మామా కోపాన్ని ఎలా దాటెయ్యాలో సొంత బిడ్డకు చెప్పినట్టు చెబుదామనుకుంది.

బయట హారన్ మోగింది. డ్రైవర్ అబ్బాస్ ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేశాడు. గంగాదేవి చేతులు తుడుచుకుంటూ వెళ్లి గేటు తీసింది. బ్యాగు గుండెలకు హత్తుకుని తల వంచుకున్న పిల్ల, మెల్లగా తలెత్తింది.

“నా తాడు ఇంకొకరికి ఇచ్చొచ్చినా మా,” అంది మునిలక్ష్మి.