పాస్‌పోర్టులో ఊరు

గల్ఫ్‌లోని ఐకాడ్ పారిశ్రామికవాడలో క్రేన్ తాడు తెగి నెత్తి చీలిన స్విస్ ఇంజనీరును ఆసుపత్రికి తెచ్చారు. నర్సు హెప్సీ అతని పాస్‌పోర్టు చూసి, పుట్టిన ఊరు ‘బ్రూన్‌మాట్’ అని ఫారంలో రాసింది.

“నేను అక్కడ పుట్టలేదు సిస్టర్. మా పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు, పూర్వీకుల ఊరు ఉంటుంది. మా ఇంటిపేరు ఆ ఊరిదే. పోయినేడు, రెండువేల ఐదులో, వెతుక్కుంటూ వెళ్లాను. చర్చి రిజిస్టరులో ఒకేరోజు మావాళ్లను తొమ్మిదిమందిని పూడ్చినట్టు ఉంది. ప్లేగేమో అనుకున్నాను.”

“మా ఇంటిపేరూ ఊరి పేరే సార్. మొగిలిచేడు. కదలకండి.” హెప్సీ నెత్తురు తుడుస్తోంది.

“మీదీ ఆ ఊరేనా?”

“ఊళ్లో ఉన్నంతకాలం ఊరి పేరుతో ఎవరూ పిలవరు సార్. పారిపోయి వచ్చినవాళ్లనే పిలుస్తారు. ఊరి బావిలో మావాళ్లు చేద వేశారని గొడ్డళ్లతో మా పేట మీద పడ్డారు. మగాళ్లను ఏరి ఏరి నరికారు. మా తాతను గడ్డివాములోంచి లాగి, నాయనమ్మ కళ్లముందే మెడ మీద వేశారు. ఆమె కడుపుతో పన్నెండు మైళ్లు పరిగెత్తింది. చేరిన ఊళ్లో ‘మొగిలిచేడోళ్లు’ అన్నారు. అదే ఇంటిపేరయింది. ఖలాస్ సార్, కట్టు అయిపోయింది.”

అతను లేవలేదు.

“మా ఇంటిపేరు మొట్టమొదట రాసింది పక్క లోయ చర్చి రిజిస్టరులో. బ్రూన్‌మాట్‌లో మావాళ్లను పూడ్చిన వారానికి.”

“ప్లేగుకు భయపడి వెళ్లుంటారులెండి.”

“ఆ తొమ్మిదిమందీ మగవాళ్లే, సిస్టర్.”