చింతచెట్టుకు గుండు

“కాపు తగ్గిందప్పా దస్తగిరీ. తలకాయంతా కొట్టేయ్,” అన్నాడు ఓబుళరెడ్డి, దొడ్లో చింతచెట్టు కింద నిలబడి.

గొడ్డలితో చెట్టెక్కిన దస్తగిరి కొమ్మ మీదే ఆగిపోయాడు. “శానా ముదురు చెట్టు రెడ్డీ. తల కొడితే ఎండిపోతాది.”

“నీకేం తెలుసు? గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా రాదా? చెట్టుకైనా అంతే.”

అరుగు మీద చింతపండులో గింజలు తీస్తున్న రెడ్డి భార్య నాగమ్మ తలెత్తకుండానే అంది. “జర్మనీ యుద్ధం మొదలైన ఏడు మీ రెడ్డి మహానందిలో గుండు కొట్టించుకున్యాడు దస్తగిరీ. ఒత్తుగా వస్తాదని నేనూ చూస్తానే ఉండా.”

దస్తగిరి కిందికి చూశాడు. రెడ్డి నున్నటి తల ఎండకు మెరుస్తోంది.

రెడ్డి తల తడుముకున్నాడు. భుజం మీది రుమాలు తీసి చుట్టుకున్నాడు.

“ఎండుకొమ్మలు మాత్రం తీసి దిగప్పా.”