దారం కట్టిన పిందెలు

గుమ్మడితోటలో దొంగ పడ్డాడు.

ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. పాదుల మధ్య ఎవరో వంగి తిరుగుతున్నారు. నెత్తిన టోపీ, చేతిలో దారపు ఉండ.

చిన్నకోడలు కర్ర అందుకుంది.

నలభై దాటినా ఆమె అందరికీ చిన్నకోడలే. అత్తమామలు పోయారు, మొగుడూ పోయాడు, ఆ పిలుపు ఒక్కటే మిగిలింది. మొగుడున్నన్నాళ్లూ తోటకి అన్నం క్యారేజీ తేవడం తప్ప ఆమె చేసిన వ్యవసాయం లేదు. ఇప్పుడు ఆ తోట మీద బావగారి కన్ను పడింది. ఈ ఒక్క పంట సొంతంగా పండించి చూపిస్తే తోట నువ్వే చేసుకో, లేదంటే నోరెత్తకుండా నాకు వదిలెయ్ అని నలుగురిలో తేల్చి చెప్పేశాడు. ఆ నలుగురూ నవ్వాపుకుంటూ తలలూపారు.

అందుకే ఆమె పాదుల్ని పసిపిల్లల్లా సాకుతోంది. పురుగు కనబడగానే మందు కూడా కొట్టించింది.

చప్పుడు కాకుండా దగ్గరికి వెళ్లింది. టోపీ మనిషి ఒక పువ్వు తెంపి, రేకులు చీల్చి పారేశాడు. మిగిలిన దాన్ని ఇంకో పువ్వులో పెట్టి తిప్పాడు. ఆ పువ్వు మూతి ముడిచి దారం చుట్టాడు. దారం కొస తొడిమకి ముడేశాడు.

ఆ పువ్వు కింద బొటనవేలంత పిందె ఉంది.

చిన్నకోడలికి ఒళ్లు మండిపోయింది. ముదిరాక ఏ కాయ ఎత్తుకుపోవాలో ఇప్పుడే గుర్తులు పెట్టుకుంటున్నాడంటే ఎంత గుండెలు తీసిన బంటు!

"ఎవరు నువ్వు?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఊరి చివర ఈమధ్యే అద్దెకి దిగిన మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

"కేకలెయ్యకమ్మా. ఇంకో వారం రానివ్వు చాలు. తర్వాత రమ్మన్నా రాను."

దొంగతనానికి గడువు అడిగే దొంగని ఆమె అంతవరకు చూడలేదు. కర్ర ఎత్తి ఆయన చేతి మీద ఒక్కటిచ్చింది. దారపు ఉండ మట్టిలో దొర్లింది. ఆయన ఏదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

అలికిడికి బావగారు వచ్చాడు. ఇలాంటి అవకాశం ఆయన వదులుతాడా? టోపీ మనిషిని కూడలిదాకా నడిపించి, పూలదొంగ అని పదిమంది చేతా అనిపించాడు. ఆడదాని చేతిలో తోట పెడితే ఇలాగే ఉంటుందని, పనిలో పనిగా తన ముక్క కూడా చెప్పుకున్నాడు.

ఆ వారంలోనే టోపీ మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పీడ విరగడైందనుకుని చిన్నకోడలు ఆ పూట కడుపునిండా తిన్నది.

పాదులు విరగబూశాయి. ఎటు చూసినా పసుపు పూలే. ఆమె మురిసిపోయింది. కానీ కొత్త పిందెలు నిలవలేదు. బొటనవేలంత కాగానే రంగు తిరిగి, మెత్తబడి రాలిపోయాయి. ఎరువు వేసింది. నీళ్లు పెంచి చూసింది, తగ్గించి చూసింది. ఏం చేసినా అంతే.

ఎండ మెత్తబడింది. పొద్దున్నే చలిగాలి తగలడం మొదలైంది. తీగలు ఎండి, నిలిచిన కాయలు కోతకొచ్చాయి.

కత్తి పట్టుకుని దిగింది. మొదటి కాయ మీద గోరు గుచ్చితే దిగలేదు. బాగా ముదిరిందని తొడిమ ఉంచి కోసింది. గట్టు పక్క వరసల్లో కాయలు పుష్టిగా ఉన్నాయి. అవి దాటితే తోటంతా ఒట్టి తీగలే. తెప్పించిన బండి సగం కూడా నిండేలా లేదు.

బావగారు గట్టు మీద నిలబడి అంతా చూశాడు. తోట కొలవడానికి తాడు తెమ్మని మనిషిని పంపాడు.

కోసిన కాయల్ని ఎండలో పేరుస్తుంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఏ తొడిమ చూసినా వెలిసిపోయిన దారం ముడి. అది లేని కాయ ఒక్కటి కూడా లేదు.

అప్పుడే పక్కతోట నుంచి వరసకి అత్తయ్యే ఆవిడ వచ్చింది. ఆమె ఆకుకూరలు పండిస్తుంది. పూత మొదట్లో కూతురి పురిటికని వెళ్లి ముందురోజే ఊళ్లోకి వచ్చింది.

"టోపీ ఆయన ఏడే? తోటంతా చుట్టబెట్టేశాడా?" అని అడిగింది.

చిన్నకోడలు తొడిమకున్న దారం చూపించింది.

అత్తే చెప్పుకుపోయింది. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరట. తేనెటీగలు దీని మీంచి దాని మీద వాలితేనే పిందె నిలుస్తుందట. ఈసారి ఈగలు లేకపోయేసరికి ఆ పని ఆయన చేత్తో చేస్తున్నాడట. నీకు చెప్పొద్దని మాట కూడా తీసుకున్నాడంది.

"నాకెందుకు చెప్పొద్దన్నాడు?"

"ఈగలేమయ్యాయని అడగవూ? పురుగు పడిందని పొద్దున్నే విచ్చుకున్న పూల మీద మందు కొట్టించావు కదే. దానికే పోయాయి. ఈ సంగతి బయటపడితే నీ తోట మీ బావగారి పాలవుతుందన్నాడు."

చిన్నకోడలికి ఏడుపు కూడా రాలేదు. కర్ర పట్టిన చేతిని చూసుకుంటే అసహ్యం వేసింది.

"ఇంతకీ ఎవరత్తా ఆయన?"

అత్త ఆమెను తన కంచె వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ గోడవారన చెక్కపెట్టెలు వరసగా ఉన్నాయి. అత్త ఒకదాని మూత ఎత్తింది. లోపల అడుగంతా ఎండిన ఈగలు, ఊక పోసినట్టు.

తేనెటీగలు పెంచుకుని బతికే మనిషి ఆయన. చిన్నకోడలి మందుకి చచ్చి ఆ పెట్టెల్లో కుప్పపడినవన్నీ ఆయనవే.